గీత అవతల నుంచి అరిచేవాళ్లకు రెఫరీ బదులివ్వాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. బెంగళూరులో ఉంటున్నారు, ఫుట్‌బాల్ రెఫరీ పరీక్ష ఈ మధ్యే పాసయ్యారు. పోయిన ఆదివారం ఒక అండర్-12 మ్యాచ్ చేశారు. ఒక పిల్లాడి నాన్న మొదటి నిమిషం నుంచీ మీ మీద అరుస్తూనే ఉన్నాడు. రెండో సగంలో మీరు ఓపిక పట్టలేక "అయితే మీరే వచ్చి ఊదండి" అన్నారు. ఆయన నిజంగానే గీత దాటి లోపలికొచ్చాడు. మ్యాచ్ ఆగిపోయింది, పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. ఆట మధ్యలో ప్రేక్షకులకు రెఫరీ అసలు బదులివ్వొచ్చా లేదా అని అడుగుతున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆట నడుస్తున్నంతసేపూ మీ నిర్ణయం గురించి బయటివాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడకండి. మర్యాదగానూ వద్దు, కోపంగానూ వద్దు, నవ్వుతూ కూడా వద్దు. అలాగని చెవులు మూసుకోమనడం లేదు. ఎవరికైనా దెబ్బ తగిలినా, పిల్లల్ని బూతులు తిట్టినా, కులం, రంగు, ప్రాంతం పేరు పెట్టి దూషించినా, ఎవరైనా గ్రౌండ్‌లోకి వచ్చినా మీరు కదలాల్సిందే. అప్పుడు కూడా ఈల ఊది ఆట ఆపి, కోచ్‌ల ద్వారా, నిర్వాహకుల ద్వారా పని జరిపించాలి. ఆ మనిషితో మీరు వాదనకు దిగకూడదు.

నాది అనంతపురం. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాను, పద్దెనిమిదేళ్లుగా శని, ఆదివారాలు ఈల పట్టుకుని తిరుగుతున్నాను. స్కూలు మ్యాచ్‌లు, కంపెనీల టోర్నమెంట్లు, కింది డివిజన్ లీగ్ మ్యాచ్‌లు చేశాను. మీరు చేసిన తప్పు నేను మీకంటే మెత్తగా చేశాను, దాని ఫలితం మాత్రం మీకంటే ఎక్కువే అనుభవించాను. అది చెబితే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఎనిమిదేళ్ల కిందట ఒక కంపెనీ టోర్నమెంట్ సెమీఫైనల్. ఒక జట్టులో మన తెలుగు కుర్రాళ్లు ఎక్కువ, రెండో జట్టులో దాదాపు అందరూ కన్నడవాళ్లు. ఇంకా గోల్ పడలేదు. తెలుగు జట్టు ఫార్వర్డ్ ఒకడు డిఫెండర్ కాలు తగిలి కింద పడ్డాడు. నేను దగ్గరే ఉన్నాను. డిఫెండర్ కాలు ముందు బంతికి తగిలింది, అందులో నాకు అనుమానం లేదు. ఆడండని చెయ్యి ఊపాను. గీత దగ్గర్నుంచి ఒక గొంతు వినపడింది: "ఏమయ్యా రెఫరీ, కండ్లు ఇంటికాడ పెట్టొచ్చినావా?"

అచ్చం మా ఊరి యాస. ఆ యాసలో తిట్టు విని ఎన్ని నెలలైందో. తల తిప్పి చూశాను. "బంతికే తగిలిందన్నా, సూసినా" అన్నాను. ఆయన పక్కనున్న నలుగురూ నవ్వారు, ఆయనా నవ్వేశాడు, మళ్లీ నోరెత్తలేదు. మాటతో సర్దేశాననుకుని సంతోషపడ్డాను కూడా.

ఐదు నిమిషాలు తిరక్కుండానే అదే తెలుగు జట్టుకు పెనాల్టీ ఇవ్వాల్సి వచ్చింది. కన్నడ జట్టు డిఫెండర్ చెయ్యి భుజానికి పైకి లేచి ఉంది, బంతి వచ్చి అరచేతికి కొట్టుకుంది. ఇవ్వక తప్పని పెనాల్టీ. వాళ్ల కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. అరవలేదు. చాలా నెమ్మదిగా "సార్, నీవు అవరు ఒందే ఊరా?" అని అడిగాడు. మీదీ వాళ్లదీ ఒకే ఊరా అని. నేను అన్న మాట ఆ కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అది ఏ భాషో అర్థమైంది, నవ్వులు వినపడ్డాయి, ఇప్పుడు పెనాల్టీ కనపడుతోంది. ఈ మూడూ కలిపి చూసుకున్నాడు. ఆ స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి. మ్యాచ్ 1-0తో ముగిసింది. రెఫరీ ఎదుటి జట్టు మనుషులతో వాళ్ల భాషలో ముచ్చట్లు పెట్టాడని నా మీద కాగితం రాసిచ్చారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆ కెప్టెన్ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. సరైన పెనాల్టీ ఇచ్చి కూడా ఒక జట్టుకు అన్యాయం జరిగిందన్న భావంతో ఇంటికి పంపాను. ఎప్పుడూ ఒక భాష మధ్యే మ్యాచ్‌లు చేసేవాళ్లకు ఈ బాధ తెలియకపోవచ్చు. బెంగళూరులో ఒకే గీత వెంబడి కన్నడం, తమిళం, తెలుగు, ఉర్దూ, మలయాళం, హిందీ అన్నీ వినిపిస్తాయి. మీరు ఏ భాషలో బదులిస్తే ఆ భాషవాళ్ల మనిషైపోతారు. అప్పట్నుంచి నాకొక పద్ధతి పెట్టుకున్నాను. గ్రౌండ్‌లో అడుగుపెట్టాక ఆఖరి ఈల దాకా తెలుగు మాట్లాడను, తెలుగు ఆటగాడు తెలుగులో అడిగినా సరే. రెండు జట్లతోనూ అవే నాలుగు పొట్టి మాటలు, అదే గొంతు. తెలిసిన కుర్రాడినైనా పేరు పెట్టి పిలవను, "నంబర్ సెవెన్" అంటాను. మీరూ ఇలా చేసి చూడండి.

రెండో కారణం కళ్లు. బదులివ్వాలంటే తల తిప్పాలి, తిప్పితే రెండు మూడు క్షణాలు ఆట మీ కంటికి ఉండదు. ఒక అండర్-14 మ్యాచ్‌లో గీత వైపు తిరిగి "ప్లీజ్ సార్" అన్నాను, అంతే. మళ్లీ ఇటు చూసేసరికి ఒక పిల్లాడు పెదవి పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నాడు, తెల్ల జెర్సీ కాలర్ మీద రెండు రక్తపు చుక్కలు. మోచేత్తో ఎవరో కొట్టారు. అక్కడున్న పిల్లలందరూ చూశారు, నేను తప్ప. ఆ స్థాయి మ్యాచ్‌లకు గీత వెంబడి జెండా పట్టుకుని సాయం చేసే లైన్స్‌మెన్ ఉండరని మీకు తెలుసు. చూడనిదానికి కార్డు ఇవ్వలేను. ఆ పిల్లాడు ఏడవకుండా "సార్, మీరు చూడలేదా?" అని అడిగాడు. ఎందుకు చూడలేదో వాడికి నేను చెప్పలేకపోయాను.

ఇంకోటి, గీత అవతలి మనిషితో వాదనకు దిగితే మీ చేతిలో ఏమీ ఉండదు. ఆటగాడు ఎదురు తిరిగితే పసుపు కార్డు ఉంది, బూతులు తిడితే ఎర్ర కార్డు ఉంది. 2019 నుంచి కోచ్‌లకూ, బెంచీ మీదున్న మిగతా సిబ్బందికీ కార్డులు చూపించొచ్చు. ప్రేక్షకుడికి చూపించే కార్డంటూ నియమాల్లో లేదు. అసలు ఆటగాళ్లలో కూడా వచ్చి మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే కావాలని 2024 యూరో కప్‌లో గట్టిగా అమలు చేశారు. పదిమంది ఆటగాళ్లతోనే మాట్లాడనక్కర్లేదన్నప్పుడు గీత అవతలున్న యాభైమందికి సంజాయిషీ ఇచ్చుకోవడం ఎందుకు? ఒకసారి ఇచ్చారంటే తర్వాతి ప్రతి ఈలకూ అడుగుతారు. ఇందాక చెప్పావుగా, ఇప్పుడూ చెప్పమంటారు. అలా అడగడం న్యాయమే కదా!

బదులివ్వకుండా ఉంటే అరుపుల ప్రభావం మన మీద పడదని మాత్రం అనుకోకండి. ఇంగ్లండ్‌లో 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. 40 మంది అర్హత ఉన్న రెఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ జట్ల మ్యాచ్ వీడియో చూపించారు. కొందరికి జనం అరుపులతో, కొందరికి శబ్దం లేకుండా. అరుపులు విన్న రెఫరీలు సొంతగడ్డ జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు మిగతావాళ్లకంటే 15 శాతానికి పైగా తక్కువ. వాళ్లెవరూ ఎవరికీ బదులివ్వలేదు, గదిలో కూర్చుని వీడియో చూశారంతే. అది చదివినప్పట్నుంచి పెద్ద కేక పడిన ప్రతిసారీ తర్వాతి ఈలను కాస్త అనుమానంగా చూసుకుంటాను. అటూ ఇటూ ఒకేలాంటి తాకిడికి ఒకేలా ఊదుతున్నానా, లేక నోరున్న పక్కకు మొగ్గుతున్నానా అని. మీ వయసులో నాకు ఇది ఎవరూ చెప్పలేదు.

ఇక చెవులు ఎందుకు తెరిచి ఉంచాలో చెబుతాను, ఎందుకంటే కొత్త రెఫరీలు చాలామంది "పట్టించుకోవద్దు" అన్న సలహాను "వినొద్దు" అని తీసుకుంటారు.

ఒక స్కూలు గ్రౌండ్‌లో మ్యాచ్. గోల్‌పోస్టుకు వల అక్కడక్కడా కొబ్బరి తాడుతో కట్టారు. మ్యాచ్‌కు ముందు చూశాను, బాగానే ఉందనిపించింది. రెండో సగంలో ఒక పిల్లాడు పక్క నుంచి గట్టిగా కొట్టాడు, బంతి వలలో పడింది, గోల్ ఇచ్చేశాను. గోల్ వెనక నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా అరిచారు. మామూలుగా ఒక జట్టువాళ్లే అరుస్తారు. ఆ రోజు గోల్ కొట్టిన జట్టు తరఫు తల్లిదండ్రులు కూడా తలలు అడ్డంగా ఊపుతున్నారు. అరుపులో ఆ తేడా మీరు పట్టుకోవాలి. ఎవరితోనూ మాట్లాడకుండా పోస్టు దగ్గరికి నడిచాను. కింద, పోస్టుకు బయటి పక్కన తాడు ముడి జారిపోయి ఉంది. వల ఎత్తి చూస్తే నా రెండు చేతులూ దూరేంత సందు. బంతి బయటి నుంచి ఆ సందులో దూరింది. కొత్తగా వేసిన సున్నం గీత అవతల, పోస్టుకు బయటి పక్కన, తడిమట్టిలో బంతి జారిన గుర్తు స్పష్టంగా ఉంది. సెంటర్ నుంచి ఆట ఇంకా మొదలుకాలేదు కాబట్టి నిర్ణయం మార్చడానికి నియమం ఒప్పుకుంటుంది. గోల్ రద్దు చేసి గోల్ కిక్ ఇచ్చాను, ముడి కట్టించాను. ఆట మొదలైపోయి ఉంటే మార్చడానికి వీల్లేదు.

ఇక్కడ ప్రేక్షకులు చెప్పారని నేను గోల్ రద్దు చేయలేదు. వాళ్ల కేక విని వెళ్లి, నా కళ్లతో చూసి రద్దు చేశాను. వెనక గోల్‌కీపర్ కుప్పకూలినప్పుడు మనకు ముందు తెలిసేది కూడా గీత మీదున్న ఎవరో తల్లి కేకతోనే. ఆ కేక ఫౌల్ కోసం వేసే కేకలా ఉండదు. నాలుగైదు మ్యాచ్‌లు చేస్తే మీకే తెలిసిపోతుంది.

ఎప్పుడు ఆట ఆపాలి అంటే, మొదటిది బయటి జోక్యం. ప్రేక్షకుల్లో ఎవరో ఈల ఊది, దాన్ని మీ ఈల అనుకుని ఆటగాళ్లు ఆగిపోతే, ఆపి డ్రాప్ బాల్‌తో, అంటే బంతిని మీ చేత్తో నేల మీదికి వదిలి, మళ్లీ మొదలుపెట్టాలి. పక్కపక్కనే మూడు టర్ఫ్‌లుండే చోట్ల ఇది ప్రతివారం జరిగేదే, పెద్ద విషయం కాదు.

రెండోది దూషణ. ఇక్కడ మౌనంగా ఉండటం తప్పు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు అందరికీ గుర్తుండే ఉంటుంది. బౌండరీ దగ్గరున్న మన హైదరాబాద్ సిరాజ్‌ను గ్యాలరీలోంచి కొందరు మాటలన్నారు. అతను కెప్టెన్ రహానేకు చెప్పాడు, విషయం అంపైర్ల దాకా వెళ్లింది, ఆట కాసేపు ఆగింది, భద్రతా సిబ్బంది వెళ్లి ఆరుగురిని బయటికి పంపారు. అంపైర్లు గ్యాలరీ దగ్గరికి వెళ్లి ఎవరినీ నిలదీయలేదు. ఆట ఆపడం వాళ్ల పని, మనుషుల్ని బయటికి పంపడం స్టేడియంవాళ్ల పని. ఫుట్‌బాల్‌లో జాతి దూషణకు మూడు మెట్లున్నాయి: ముందు ఆట ఆపడం, మళ్లీ జరిగితే జట్లను డ్రెస్సింగ్ రూముకు పంపడం, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు చేయడం. 2024 మేలో బ్యాంకాక్‌లో జరిగిన ఫిఫా కాంగ్రెస్‌లో, ఆటగాడు రెండు మణికట్లు అడ్డంగా పెట్టి చూపిస్తే రెఫరీ ఈ పద్ధతి మొదలుపెట్టాలని కూడా తీసుకొచ్చారు. మన చిన్న టోర్నమెంట్లలో మైకులుండవు, భద్రతా సిబ్బంది ఉండరు. అయినా ఆ వరుస మనకూ పనికొస్తుంది. ఆపండి, నిర్వాహకుణ్ణి పిలవండి, ఆయన వచ్చి పని చేసేదాకా బంతి కదలనివ్వకండి.

మూడోది పిల్లలు. ఒక అండర్-10 మ్యాచ్‌లో ఒకాయన నన్నేమీ అనడం లేదు. తన కొడుకునే అరుస్తున్నాడు. "కొట్టరా, ఎందుకు ఆగినావు, బుద్ధి లేదా!" వాడు బంతి కాలికి తగిలిన ప్రతిసారీ ముందు నాన్న వైపు చూసి ఆ తర్వాత బంతిని చూస్తున్నాడు. ఈలోపు ఎవరో వచ్చి బంతి తీసుకుపోతున్నారు, మళ్లీ అరుపు. బంతి త్రోకు బయటికి పోయినప్పుడు ఆపి, కోచ్‌ను పిలిచి, "ఆయన్ని అటు గోల్ వెనక్కి తీసుకెళ్లి నిలబెట్టండి, వీడు ఆడలేకపోతున్నాడు" అన్నాను. కోచ్ వెళ్లి ఆయన భుజం మీద చెయ్యేసి నడిపించుకుని పోయాడు. అదే మాట నేను వెళ్లి చెప్పి ఉంటే ఆయనకు పరువు సమస్య అయ్యేది. కోచ్ ఆయనకు తెలిసిన మనిషి, పైగా కొడుకును ఆడించేది కోచే. అందుకే నేను ఎప్పుడూ కోచ్‌నే పంపిస్తాను.

మీకు ఎవరో ఒకరు అడ్డం చెబుతారు: టెన్నిస్‌లో కుర్చీ అంపైర్ నిశ్శబ్దంగా ఉండమని జనానికే చెబుతాడు కదా, 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో వీడియో చూసొచ్చిన రెఫరీలు మైకులో స్టేడియం మొత్తానికీ నిర్ణయం చెప్పారు కదా అని. నిజమే, నాకు ఆ పద్ధతి నచ్చింది కూడా. అయితే అది అందరికీ ఒకేసారి, ఒకే మాటగా చెప్పే ప్రకటన, ఒక మనిషికిచ్చే జవాబు కాదు. మైకు లేని మనకు ఆ ప్రకటన చేసేది చేతులూ ఈలానే. కొత్త రెఫరీల మీద పడే అరుపుల్లో సగం నిర్ణయం తప్పని కాదు, నిర్ణయమేమిటో తెలియక. ఈల పీలగా ఊది, చెయ్యి నడుము దాకా ఎత్తి దించేస్తే ఎవరికీ అర్థం కాదు. ఫౌల్‌కు గట్టిగా ఊదండి, దిక్కు చూపించే చెయ్యి భుజం ఎత్తులో తిన్నగా చాచి మూడు లెక్కపెట్టేదాకా దించకండి. అడ్వాంటేజ్ ఇచ్చినప్పుడు, అంటే ఫౌల్ జరిగినా నష్టపోయిన జట్టుకే లాభమని ఆట ఆపకుండా వదిలేసినప్పుడు, చెయ్యి ముందుకు చాచి "ప్లే ఆన్" అని గట్టిగా అనండి, అది గీత దాకా వినపడాలి. మిగతా సగం అరుపులు మనం దూరంగా ఉన్నందుకు. ముప్పై గజాల నుంచి ఇచ్చిన సరైన నిర్ణయాన్ని కూడా నమ్మరు, ఐదు గజాల నుంచి ఇస్తే చాలావరకు ఊరుకుంటారు. పరుగు పెంచుకోండి.

హలసూరు దగ్గర గౌతమపురలోనో, ఆస్టిన్ టౌన్‌లోనో ఎప్పుడైనా మ్యాచ్ చేస్తే మీకొక సంగతి తెలుస్తుంది. గౌతమపురలో పెలే విగ్రహం పెట్టుకున్నారు, అంత పిచ్చి వాళ్లకు ఆటంటే. అక్కడ మెట్ల మీద కూర్చున్న తాతలకు ఆఫ్‌సైడ్ మన కంటే బాగా తెలుసు. వాళ్లు అరిచినా గౌరవంతో వినాలనిపిస్తుంది నాకు. మ్యాచ్ అయ్యాక అలాంటి ఇద్దరు ముగ్గురి దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. మ్యాచ్ అయ్యాక మాత్రమే.

మ్యాచ్ తర్వాత ఎవరైనా మర్యాదగా అడిగితే చెప్పండి, నియమం ఏమిటో చెప్పండి. "చెయ్యి ఒంటికి దూరంగా ఉండి ఒంటిని అసహజంగా పెద్దది చేస్తే హ్యాండ్‌బాల్ ఇవ్వొచ్చు" అనడం వరకు సరే. "మీ అబ్బాయి తప్పు" అన్నారంటే మళ్లీ మొదటికొస్తుంది. కోపంగా ఉన్నవాళ్లతో అప్పుడూ వద్దు. బ్యాగు సర్దుకోండి, నీళ్లు తాగండి, నిర్వాహకుల పక్కన కూర్చోండి.

లైన్స్‌మన్‌గా జెండా పట్టుకున్న రోజు ఇదంతా ఇంకా కష్టం. చిన్న గ్రౌండ్లలో జనం మీ వెనక గజం దూరంలో ఉంటారు, ఊపిరి కూడా వినపడుతుంది. ఆట చూడాలి కాబట్టి జరగడానికి లేదు. నేనైతే సగం మొదలయ్యే ముందే నిర్వాహకుణ్ణి పిలిచి, గీతకు రెండు గజాలు వెనక తాడో, కుర్చీల వరసో పెట్టించమంటాను. పెట్టకపోతే మొదలుపెట్టొద్దని రెఫరీకి చెబుతాను.

ఇప్పుడు మీ ఆదివారం సంగతి. "మీరే వచ్చి ఊదండి" అన్నది రిపోర్టులో రాశారా? రాయకపోతే ఇవాళే నిర్వాహకులకు రాసివ్వండి, ఆయన అన్నదీ మీరు అన్నదీ రెండూ. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ భాషలో ఏ మాట అన్నాడో అదే మాట, దాని కింద అర్థం, ఎన్నో నిమిషం, స్కోరెంత, ఎవరు విన్నారు. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా అలాగే రాయాలి. మీ మాట దాచిపెడితే అవతలివాళ్లు అదొక్కటే పట్టుకుని వస్తారు.

వచ్చే వారం అదే టోర్నమెంట్ అంటున్నారు, ఆయనా వస్తాడు. టాస్‌కు ముందు ఇద్దరు కోచ్‌లనూ పిలిచి, గీత దగ్గరున్నవాళ్ల బాధ్యత వాళ్లదేనని, ఎవరైనా లోపలికొస్తే ఆట ఆగుతుందని ఒక్కసారి చెప్పండి. ఆయన ఎదురుపడితే నమస్కారం పెట్టండి. పోయిన వారం ఊసు ఆయనెత్తితే "మ్యాచ్ అయ్యాక కూర్చుందాం సార్" అని లోపలికి వెళ్లిపోండి. అరిచాడా, ఆట అవతలి గీత వైపున్నప్పుడు అటు నుంచి నడపండి, ఆయనకు మీ వీపు కాస్త దూరంగా ఉంటుంది. ఆయన కొడుకు పడితే మాత్రం మిగతా పిల్లలకు ఎంత త్వరగా వెళ్తారో అంత త్వరగా వెళ్లి, కిందికి వంగి, ఎక్కడ తగిలిందని వాణ్ణే అడగండి.